తుపాకీ ఆగిన తరువాత: గోదావరి మన్యం శాంతిచరిత్రపై ఒక వైద్యుని పరిశీలన



రక్తపోటు, మధుమేహం, డెంగీ, మోకాళ్ల నొప్పుల గురించి ఇంతకాలం ముచ్చటించుకున్నాం. ఈసారి శీర్షిక చూసి, శాంతిచర్చలతో వైద్యునికేమి పని అని మీలో కొందరు అనుకోవచ్చు. ప్రపంచ ఆరోగ్య సంస్థ రాజ్యాంగం 1946లో తయారైనప్పుడే, ప్రజలందరి ఆరోగ్యం శాంతిభద్రతలకు మూలాధారమని దాని పీఠికలో చేర్చారు. రెండవ ప్రపంచయుద్ధపు శిథిలాల మధ్య నుండి వచ్చిన మాట అది. దానిని పరీక్షించి చూడడానికి మనం దూరదేశాలకు పోనక్కరలేదు. మన గోదావరికి ఎగువన ఉన్న కొండలు చాలు.

నరసాపురం రేవులో నిలబడి చూస్తే వశిష్ఠ నిండుగా, నెమ్మదిగా సముద్రం వైపు సాగిపోతూ కనిపిస్తుంది. ఆ నీటిలో సీలేరు నీరుంది, కూనవరం దగ్గర గోదావరిలో కలిసే శబరి నీరుంది. అంటే చింతూరు, మోతుగూడెం, మారేడుమిల్లి పరిసరాల అడవుల మీద కురిసిన వాన మన గుమ్మం ముందుగా పోతున్నది. ధవళేశ్వరం ఆనకట్ట పని 1847లో మొదలై 1852లో ముగిసింది. ఆ తరువాత ఈ నీటితో డెల్టా అన్నపూర్ణ అయింది. అదే నదికి ఎగువన, రంప, గూడెం కొండల్లో, నూరేళ్లకు పైగా తిరుగుబాట్లు ఆగి ఆగి తలెత్తుతూనే వచ్చాయి. ఎందుకు ఆగాయి, మళ్లీ ఎందుకు తలెత్తాయి అన్నదే ఈ వ్యాసంలోని ప్రశ్న.

తిరగబెట్టే జ్వరం

చరిత్రలోకి పోయేముందు ఒక వైద్య విషయం చెప్పాలి. మలేరియాలో వైవాక్స్ అనే రకం ఉంది. క్లోరోక్విన్ మాత్రలు మూడు రోజులు వేస్తే రక్తంలోని క్రిములు నశిస్తాయి, జ్వరం దిగుతుంది, రోగి లేచి పనికి పోతాడు. అయితే ఆ క్రిమి కొంత కాలేయంలో నిద్రాణంగా దాగి ఉంటుంది. వారాలకో నెలలకో మేల్కొని మళ్లీ జ్వరం తెస్తుంది. దానిని కాలేయం నుండి తుడిచిపెట్టడానికి ప్రైమాక్విన్ అనే మరో మందు, వైద్యుని పర్యవేక్షణలో, 14 రోజులు వాడాలి. దీనినే సమూల చికిత్స అంటాం. ఉద్యోగకాలంలో కొన్నేళ్లు ఏజెన్సీలో పనిచేసినవాడిగా చెబుతున్నాను, కష్టమంతా ఆ 14 రోజుల దగ్గరే. మూడవ రోజుకు జ్వరం దిగగానే మందు మీద శ్రద్ధ పోతుంది. రోగికే కాదు, తొందరలో ఉన్న సిబ్బందికి కూడా.

మన్యంలో శాంతి చరిత్ర చాలావరకు ఈ మూడు రోజుల చికిత్స చరిత్రే.

1879: కల్లు మీద పన్ను

1879 మార్చిలో రంప ప్రాంతంలో తిరుగుబాటు మొదలైంది. గ్రామీణుల భాషలో అది ఫితూరీ. అప్పటికి రంప కొండలు ఒక మన్సబుదారు చేతిలో ఉండేవి. ఆయన కింద ముఠాదారులు, వారి కింద గ్రామాలు. జీలుగు, తాటి చెట్ల నుండి కల్లు తీసుకోవడం కొండవారికి విలాసం కాదు. గింజలు నిండుకునే వేసవి రోజుల్లో అదే వారికి ఆహారం. దానిపై చిగురుపన్ను ఉండనే ఉంది. ఇంటివాడకానికి కల్లు గీయడాన్ని కూడా అబ్కారీ నియమాల కిందికి తెచ్చి, గుత్తదారులకు అప్పగించి, భారం మరింత పెంచబోయారు. మరోవైపు మైదానం నుండి వచ్చిన షావుకార్లు చింతపండుకు, ధాన్యానికి ముందుగా అప్పులిచ్చి, భాష తెలియని కోర్టులలో ఏకపక్షంగా డిక్రీలు పొంది, పశువులను, పంటను పట్టుకుపోయేవారు. పోలీసు జవానుల వసూళ్లు వీటికి తోడు.

కారం తమ్మన్నదొర, ద్వారబంధాల చంద్రయ్య వంటివారు నాయకులయ్యారు. తిరుగుబాటు విశాఖ జిల్లాలోని గొలుగొండకు, భద్రాచలం వైపు రేకపల్లికి పాకింది. రేకపల్లిలో పోడు మీద ఆంక్షలు మరో కారణం. మద్రాసు ప్రభుత్వం పెద్దఎత్తున సైన్యాన్ని దింపింది. సైనికులను తుపాకుల కంటే ఎక్కువగా మన్యపు చలిజ్వరం పడగొట్టింది. 1880లో చంద్రయ్య, తమ్మన్నదొర హతులయ్యాక తిరుగుబాటు సన్నగిల్లింది.

ప్రభుత్వం ఆ తరువాత చేసిన పనిని గమనించండి. ప్రత్యేక కమీషనరు చేత విచారణ జరిపించింది. కొండవారి ఫిర్యాదులలో నిజముందని ఆ విచారణ తేల్చింది. మన్సబుదారును తొలగించారు. ముఠాదారులకు నేరుగా సనదులిచ్చి, స్వల్పమైన కట్టుబడి నిర్ణయించారు. ఇంటివాడకం కల్లును పన్ను నుండి విడిచిపెట్టారు. ఇప్పటి పరిభాషలో దీనిని సంఘర్షణానంతర శాంతినిర్మాణం అనవచ్చు. రోగనిర్ధారణ సరిగానే జరిగింది, మందూ సరైనదే. అయితే షావుకారి అప్పు, అడవి మీద ఆంక్ష, వెట్టిచాకిరి అనే మూడూ కాలేయంలో దాగిన క్రిమిలా అలాగే ఉండిపోయాయి.

1917 చట్టం, 1922 తిరుగుబాటు

ఈ సంగతి పాలకులకు తెలియక కాదు. 1917లో మద్రాసు ప్రభుత్వం ఏజెన్సీ ప్రాంతాల వడ్డీ, భూబదిలీ చట్టం తెచ్చింది. కొండజాతివారి భూమి ఏజెంటు అనుమతి లేకుండా ఇతరుల చేతికి పోరాదు, అప్పుపై వడ్డీ సాలీనా నూటికి 24 రూపాయలు మించరాదు అని అందులో రాశారు. కాగితం మీద చూస్తే ఇది గొప్ప నివారణ చర్య. కానీ అమలు చేయవలసిన అధికారి కొండకు దూరంగా ఉన్నాడు. దగ్గరగా ఉన్న అధికారి రోడ్డు పనికి కూలివారిని బలవంతంగా తోలుతున్నాడు.

గూడెంలో డిప్యూటీ తహసీల్దారు బాస్టియన్ నర్సీపట్నం, చింతపల్లి మార్గపు పనులలో గిరిజనులను ఎలా వాడుకున్నాడో అల్లూరి సీతారామరాజు చరిత్ర చదివినవారందరికీ తెలుసు. 1922 ఆగస్టు 22న చింతపల్లి పోలీసు ఠాణాపై దాడితో మొదలైన పోరాటం 1924 మే 7న కొయ్యూరులో అల్లూరి మరణంతో దాదాపు ముగిసింది. అల్లూరి బాల్యంలో కొంతకాలం మన నరసాపురం టేలర్ ఉన్నత పాఠశాలలో చదివినట్లు జీవితచరిత్రలు చెబుతాయి. ఆయన పినతండ్రి ఇక్కడ తహసీల్దారు. ఒక తహసీల్దారు ఇంట పెరిగిన పిల్లవాడు మరో తహసీల్దారు చేసిన అన్యాయంపై తిరగబడ్డాడు. ఆయన విగ్రహాలకు దండలు వేసే మనం ఈ సంగతిని కూడా గుర్తుపెట్టుకోవాలి. డెల్టాకు మన్యం పరాయిది కాదు. అక్కడి బాధలో మన పాత్ర ఉన్నట్లే, అక్కడి పోరాటంలోనూ ఉన్నది.

ఈ మూడు రోడ్డు మాటలను కూడా పక్కపక్కన పెట్టి చూడండి. రోడ్డు అభివృద్ధే, ఎవరూ కాదనరు. కానీ వెట్టితో వేసిన రోడ్డు తిరుగుబాటుకు కారణమైంది. కూలి ఇచ్చి, ఊరిని అడిగి వేసిన రోడ్డు అయితే అదే ఆసుపత్రికి దారి అయ్యేది. అభివృద్ధి అన్న మాట ఒక్కటే సరిపోదు, అది ఎవరి చేత, ఎలా జరిగిందన్నది ముఖ్యం.

శ్రీకాకుళం నేర్పిన పాఠం

స్వాతంత్ర్యం తరువాత కథ ఇంకొక రూపం తీసుకుంది. 1956లో ఆంధ్ర ప్రభుత్వం గిరిజన సహకార సంస్థను నెలకొల్పింది. షావుకారుకు బదులు సహకార సంస్థ చింతపండు, అడ్డాకులు, తేనె కొనాలన్నది ఉద్దేశం. 1959లో షెడ్యూల్డు ప్రాంతాల భూబదిలీ నిబంధన వచ్చింది. అయినా శ్రీకాకుళం కొండల్లో భూమి చేతులు మారుతూనే వచ్చింది. 1967 అక్టోబరు 31న లేవిడి వద్ద కాల్పులలో కోరన్న, మంగన్న అనే ఇద్దరు గిరిజనులు మరణించారు. ఆ తరువాతి మూడేళ్లలో జరిగిన సాయుధపోరాటం, దాని అణచివేత తెలిసినవే. 1970 జులైలో వెంపటాపు సత్యనారాయణ, ఆదిభట్ల కైలాసం మరణంతో అది బలహీనపడింది.

ఆ మంటల నడుమే 1970 ఫిబ్రవరిలో 1/70 నిబంధన అమలులోకి వచ్చింది. షెడ్యూల్డు ప్రాంతంలో భూమి గిరిజనేతరులకు ఏ రూపంలోనూ బదిలీ కారాదు. గిరిజనేతరుని చేతిలో ఉన్న భూమి, వేరుగా రుజువయ్యే వరకు, గిరిజనుని నుండి వచ్చినదిగానే భావించాలి. 1988లో సుప్రీంకోర్టు దీనిని సమర్థించింది. తరువాత సమగ్ర గిరిజనాభివృద్ధి సంస్థలు, అంటే ఐటీడీఏలు వచ్చాయి. నేను ఈ నిబంధనను ఒక మంచి టీకాతో పోలుస్తాను. అయితే టీకా సీసాలో ఉన్నంతకాలం ఎవరినీ కాపాడదు. బినామీ పేర్లు, నోటి ఒప్పందాలు, ఏళ్లతరబడి తేలని కేసులు దాని శక్తిని తగ్గించాయి.

మూడు కాలాలను వరుసగా చూస్తే ఒక క్రమం కనిపిస్తుంది. 1879 తరువాత సనదులు వచ్చాయి. 1917 చట్టం ముందే వచ్చినా అమలు కాలేదు, ఐదేళ్లకే పోరాటం వచ్చింది. శ్రీకాకుళం రగిలాక 1/70 వచ్చింది. న్యాయమైన కోరికలోని కొంత భాగాన్ని ప్రభుత్వాలు ప్రతిసారీ గుర్తించాయి. కానీ గుర్తించడానికి ముందు రక్తం పారింది, గుర్తించిన తరువాత శ్రద్ధ సడలింది. హింస జరిగితే తప్ప వినరన్న భావన కొండల్లో పాతుకుపోవడానికి ఈ క్రమమే కారణం. హింసామార్గాన్ని నేను సమర్థించడం లేదు. అది మందు కంటే ముందు రోగినే చంపుతుంది. తుపాకులు రెండు వైపులా ఉన్న చోట నడుమ మరణించేది ఆ కొండవాసే.

గుర్తేడు నుండి హైదరాబాదు చర్చల వరకు

1987 డిసెంబరులో తూర్పు గోదావరి మన్యంలోని గుర్తేడు వద్ద పీపుల్స్‌వార్ దళం కొందరు ఐఏఎస్ అధికారులను అపహరించింది. జైలులో ఉన్న తమవారిని విడిచిపెట్టాలన్నది షరతు. ప్రభుత్వం కొందరిని విడుదల చేశాక అధికారులు క్షేమంగా తిరిగివచ్చారు. ఆ బందీలలో సాంఘిక సంక్షేమ శాఖకు చెందిన ఎస్.ఆర్. శంకరన్ ఉన్నారు. వెట్టిచాకిరి నిర్మూలనకు, గిరిజన, దళిత సంక్షేమానికి జీవితం ధారపోసిన అధికారి ఆయన.

తనను బంధించినవారి మీద కోపం పెంచుకోవడానికి ఆయనకు కారణముంది. ఆయన వేరే దారి పట్టారు. 1997లో ఆయన సంచాలకులుగా పౌరస్పందన వేదిక ఏర్పడింది. కె.జి. కన్నబిరాన్, పొత్తూరి వెంకటేశ్వరరావు, జి. హరగోపాల్ వంటివారు అందులో ఉన్నారు. ఊళ్లకు పోయి, పోలీసుల చేతిలో చనిపోయినవారి ఇళ్లకూ నక్సలైట్ల చేతిలో చనిపోయినవారి ఇళ్లకూ వెళ్లి మాట్లాడారు. రెండు వైపుల హింసనూ ప్రశ్నించారు. అందువల్ల రెండు వైపులా వారిపై విమర్శలు వచ్చాయి. మధ్యవర్తికి ఈ విమర్శలు తప్పవు. వైద్యుడు గాయపడ్డవాడు ఎవరని అడగనట్లే, వారూ చనిపోయినవాడు ఎవరి మనిషని అడగలేదు.

ఆ ఏడేళ్ల కృషి ఫలితంగా 2004 అక్టోబరు 15 నుండి 18 వరకు హైదరాబాదులో ప్రభుత్వానికీ, అప్పుడే మావోయిస్టు పార్టీగా మారిన పీపుల్స్‌వార్‌కూ, జనశక్తికీ మధ్య ముఖాముఖి చర్చలు జరిగాయి. ప్రభుత్వం తరఫున నాటి హోంమంత్రి కె. జానారెడ్డి నాయకత్వం వహించారు. కాల్పుల విరమణ, ప్రజాస్వామిక హక్కులు, భూపంపిణీ ప్రధానాంశాలు. నెలల తరబడి మన రాష్ట్రంలో ఎన్‌కౌంటర్లు, హత్యలు బాగా తగ్గాయి. ఊళ్లలో జనం రాత్రిపూట భయం లేకుండా పడుకున్నారు. ఆరోగ్య సిబ్బందికి కూడా ఆ నెలలు తెరిపి ఇచ్చాయి.

చర్చలు నిలబడలేదు. గ్రామాల్లోకి ఆయుధాలతో రావచ్చునా అన్న వివాదం తేలలేదు. కాల్పులు మళ్లీ మొదలయ్యాయి. 2005 జనవరిలో మావోయిస్టులు చర్చల నుండి వైదొలగారు. ఆగస్టు 15న శాసనసభ్యుడు సి. నర్సిరెడ్డి హత్య, రెండు రోజులకు నిషేధం. అలా ఆ అధ్యాయం ముగిసింది. చర్చల నీడలో ఏర్పడిన కోనేరు రంగారావు భూకమిటీ మాత్రం నూరుకు పైగా సిఫార్సులతో 2006లో నివేదిక ఇచ్చింది. అసైన్డు భూములు, గిరిజన భూముల రక్షణ వంటి ఎన్నో విషయాలపై ఈనాటికీ చదవదగిన పత్రమది. చర్చలు విఫలమయ్యాయని అందరికీ తెలుసు. వాటి నుండి ఒక మంచి చికిత్సాపత్రం పుట్టిందని చాలామందికి తెలియదు.

సరిహద్దు దాటి వచ్చినవారు

ఇక్కడ చర్చలు కూలిపోయిన 2005లోనే, జూన్ నెలలో, పొరుగున ఉన్న ఛత్తీస్‌గఢ్ దంతెవాడలో సల్వాజుడుం మొదలైంది. ఊళ్లు ఖాళీ అయ్యాయి. కొందరిని శిబిరాలకు తరలించారు. వేలాదిమంది గొత్తికోయలు ప్రాణభయంతో సరిహద్దు దాటి నాటి ఖమ్మం, తూర్పు గోదావరి అడవుల్లోకి వచ్చి పాకలు వేసుకున్నారు. రేషను కార్డు లేదు, భూమి లేదు, భాష రాదు. అటవీశాఖ దృష్టిలో ఆక్రమణదారులు, పోలీసుల దృష్టిలో అనుమానితులు. ఏ ఏ.ఎన్.ఎం. రిజిస్టరులోనూ వారి పిల్లల పేర్లు లేవు. రిజిస్టరులో పేరు లేని పిల్లవాడికి టీకా ఎలా పడుతుంది?

హద్దులు లేని వైద్యుల సంస్థగా పేరుపొందిన అంతర్జాతీయ సంస్థ ఆ సంవత్సరాలలో ఈ సరిహద్దులో సంచార వైద్యశిబిరాలు నడిపింది. యుద్ధాలు జరిగే ఆఫ్రికా దేశాలలో పనిచేసే సంస్థ మన గోదావరి తీరానికి రావలసి వచ్చిందంటే పరిస్థితి ఊహించండి. మలేరియా, రక్తహీనత, శ్వాసకోశ వ్యాధులు, పోషకాహార లోపం, ఇంటి వద్ద కాన్పులు వారికి ఎదురైన సమస్యలు. వీటిలో వైద్యశాస్త్రానికి కొరుకుడు పడనిది ఒక్కటీ లేదు. వేలిచివర రక్తపు చుక్కతో పావుగంటలో మలేరియా తేలుతుంది. మందు ఖరీదు ఒక కప్పు టీ ఖరీదును పెద్దగా మించదు. రోగి, మందు ఒకచోటికి చేరకపోవడమే అసలు వ్యాధి.

2011 జులై 5న జస్టిస్ బి. సుదర్శన్‌రెడ్డి, జస్టిస్ ఎస్.ఎస్. నిజ్జర్‌ల ధర్మాసనం, గిరిజన యువకులను ప్రత్యేక పోలీసు అధికారులుగా నియమించి ఆయుధాలిచ్చి పోరుకు పంపడం రాజ్యాంగ విరుద్ధమని తీర్పు చెప్పింది. తీర్పు వచ్చినా వెళ్లిపోయిన ఊళ్లకు అందరూ తిరిగిపోలేదు.

లోకం నేర్పిన మాట

యుద్ధం నడుమ ఆరోగ్యం వంతెన కాగలదా? కొన్ని నిజమైన ఉదాహరణలు చూద్దాం.

మధ్య అమెరికాలోని ఎల్ సాల్వడార్‌లో 1985లో, యునిసెఫ్, కాథలిక్ చర్చి ప్రయత్నంతో, ప్రభుత్వమూ గెరిల్లాలూ మూడు ఆదివారాలు కాల్పులు ఆపారు. దాదాపు రెండున్నర లక్షల మంది పిల్లలకు టీకాలు వేశారు. 1992లో శాంతి ఒప్పందం కుదిరే వరకు ఏటా ఈ ప్రశాంత దినాలు పాటించారు. 1995లో సూడాన్‌లో అమెరికా మాజీ అధ్యక్షుడు జిమ్మీ కార్టర్ చొరవతో నారిపురుగు నిర్మూలన కోసం కాల్పుల విరమణ కుదిరి, ఆరు నెలలకు దగ్గరగా నిలిచింది. అయితే అక్కడ శాంతి ఒప్పందానికి ఇంకా పదేళ్లు పట్టింది. కాబట్టి టీకా ఒక్కటే యుద్ధాన్ని ఆపదు. శత్రువులు కూడా ఒక విషయంలో మాట నిలుపుకోగలరని మాత్రం అది రుజువు చేస్తుంది. పెద్ద ఒప్పందానికి అది తొలి అభ్యాసం.

మన పొరుగున నేపాల్‌లో 1996 నుండి 2006 వరకు మావోయిస్టుల యుద్ధం జరిగింది. ఆ పదేళ్లలోనూ అక్కడ ఐదేళ్లలోపు పిల్లల మరణాలు తగ్గాయి. అందుకు కారణాలలో ఒకటి 1988లో మొదలైన మహిళా ఆరోగ్య స్వచ్ఛంద సేవికల వ్యవస్థ. వారు ఆ ఊరివారే, ఆ భాషవారే. విటమిన్ ఎ చుక్కలు, విరేచనాలకు ఉప్పు చక్కెర ద్రావణం వారి చేతులమీదుగానే పిల్లలకు అందాయి. బయటివారు వెళ్లలేని చోట ఊరి మనిషి మిగిలింది.

దీనికి విరుద్ధమైన పాఠమూ ఉంది. 2011లో పాకిస్తాన్ అబోటాబాద్‌లో ఒసామా బిన్ లాడెన్ జాడ కోసం అమెరికా గూఢచారి సంస్థ నకిలీ టీకా కార్యక్రమం నడిపించింది. తరువాత అక్కడ పోలియో చుక్కలు వేసేవారిపై అనుమానాలు ముదిరి, ఎందరో సిబ్బంది, అందులోనూ స్త్రీలు, హత్యకు గురయ్యారు. ఆరోగ్యాన్ని నిఘాకు వాడితే తరువాత వచ్చే నిజమైన వైద్యుణ్ణి ఎవరూ నమ్మరు. దాడి చేసినవారి దోషం దాడి చేసినవారిదే. కానీ ఆ అనుమానానికి నీరు పోసినవారూ ఉన్నారు. మన అడవుల్లో కూడా మందుల సంచి మోసేవారిని రెండు వైపులా అనుమానంగా చూసిన కాలం ఉంది. రోగి రహస్యం కాపాడడం వైద్యునికి మర్యాద మాత్రమే కాదు, శాంతికి అది మొదటి షరతు.

కొలంబియా 2016 శాంతి ఒప్పందంలో మొదటి అధ్యాయమే గ్రామీణ భూసంస్కరణ. ఆయుధాల అప్పగింత సంగతి తరువాతి అధ్యాయాలలో వస్తుంది. దీని అమలు మందకొడిగా ఉన్న చోట కొత్త సాయుధ ముఠాలు పుట్టుకొచ్చాయి. ఐక్యరాజ్యసమితి 2005లో శాంతినిర్మాణ కమిషన్‌ను ప్రత్యేకంగా ఏర్పరచడానికి కారణమూ ఇదే. ఒప్పందం మీద సంతకాలయ్యాక లోకం దృష్టి మరలిపోయి, పాతగాయం రేగుతున్నదన్న అనుభవం. నార్వే పండితుడు యోహాన్ గాల్టుంగ్ దీనిని రెండు మాటలలో వివరించాడు. కాల్పులు లేకపోవడం ఒక శాంతి. అన్యాయపు కారణాలు లేకపోవడం మరో శాంతి. మొదటిది జ్వరం దిగడం, రెండవది సమూల చికిత్స.

అదే మండలం, ముప్ఫై ఏళ్ల తరువాత

మళ్లీ మన గోదావరికి వద్దాం. అధికారుల అపహరణ జరిగిన గుర్తేడు అప్పట్లో వై. రామవరం మండలంలో ఉండేది. 2017 జూన్‌లో అదే మండలంలోని చాపరాయి అనే చిన్న గూడెంలో జ్వరాలతో, ఇతర లక్షణాలతో పదిమందికి పైగా మరణించారు. కారణాలపై వేర్వేరు అభిప్రాయాలు వినిపించాయి. నన్ను కలవరపెట్టింది కారణం కాదు. వరుసగా చావులు జరుగుతుంటే ఆ వార్త బయటికి రావడానికి రోజులకు రోజులు పట్టడం. రోడ్డు లేదు, ఫోను అందదు, డోలీ కట్టి మోసుకు రావాలి. 1987లో రాష్ట్రమంతా ఆ మండలం పేరు విన్నది. ముప్ఫై ఏళ్ల తరువాత చావులతో మళ్లీ విన్నది. ఆ నడుమ అక్కడి మనిషి గురించి మనం ఏమి విన్నాం?

ఇప్పుడు మరో మలుపులో ఉన్నాం. 2026 మార్చి 31 నాటికి మావోయిస్టు సమస్యను అంతం చేస్తామని కేంద్ర ప్రభుత్వం గడువు ప్రకటించింది. 2025 నవంబరులో మారేడుమిల్లి అడవుల్లో మావోయిస్టు నాయకుడు హిడ్మా మరణించాడు. లొంగుబాట్లు పెరిగాయి. తుపాకుల చప్పుడు తగ్గుతున్నది. దీనిని చాలామంది ముగింపుగా భావిస్తున్నారు. చరిత్ర చదివిన వైద్యునిగా నాకు ఇది మూడవ రోజు మాత్రమే. 1880లోనూ, 1924లోనూ, 1970లోనూ మూడవ రోజునే ఇంటికి పోయాం.

ఇంకొక విషయం డెల్టావాసులుగా మనం నిజాయితీగా చూడాలి. పోలవరం జలాశయంలో మునిగే గ్రామాలలో గిరిజన గ్రామాలే ఎక్కువ. నిర్వాసిత కుటుంబాలు లక్షకు పైగా అని అధికార లెక్క. ఆ నీటిలో కొంత మన పొలాలకు వస్తుంది. ప్రాజెక్టు వద్దని నేను అనడం లేదు. నీరు ముందు, పునరావాసం తరువాత అన్న వరుస మాత్రం తప్పు. కొత్త కాలనీలో తాగునీరు, ఉపకేంద్రం, పాఠశాల, సాగుభూమి సిద్ధమయ్యాకే మనిషిని కదిలించాలి. మన పంట వారి కన్నీటితో పండిందన్న మాట రేపు ఎవరూ అనకూడదు.

మిగిలిన పదకొండు రోజులు

సమూల చికిత్సలో మిగిలిన రోజులకు నేను రాయదలచిన చీటీ ఇది. మొదటిది, ప్రతి గూడెంలో ఆ భాష తెలిసిన ఆశా కార్యకర్త, ఆమె సంచిలో మలేరియా పరీక్షా పట్టీలు, మందులు, నెలనెలా అందే జీతం. రెండవది, సరిహద్దు దాటి వచ్చిన కుటుంబాల పిల్లలకు ఏ కార్డూ అడగకుండా టీకాలు, అంగన్‌వాడీ. మూడవది, పోలీసు శిబిరం నీడ పడని చోట ఆరోగ్య కేంద్రం. జవానుకు వైద్యం అందాలి, లొంగిపోయినవానికీ అందాలి, కానీ మందులిచ్చే చేయి సమాచారం అడిగే చేయి కారాదు. నాలుగవది, 1/70 నిబంధన, 2006 అటవీహక్కుల చట్టం కింద పెండింగులో ఉన్న కేసులకు గడువు. మలేరియా గురించి రాస్తూ భూమి మాట ఎందుకంటారా? భూమి పోయినవాడు అడవిలో మరింత లోపలికి పోతాడు, అక్కడ దోమ ఉంటుంది, ఆసుపత్రి ఉండదు. ఐదవది, భర్తను, కొడుకును కోల్పోయిన స్త్రీలకు, వారు ఏ పక్షం వారైనా సరే, మానసిక ఆరోగ్య సహాయం. నిద్రపట్టకపోవడం, ఉలిక్కిపడడం, కారణం తెలియని నొప్పులు హింస మిగిల్చే దీర్ఘరోగాలు. వీటికి వైద్యం ఉంది.

నరసాపురంలోనో, పాలకొల్లులోనో, భీమవరంలోనో ఉన్న మీరు ఏమి చేయగలరు? మన కళాశాలల్లో చదువుతున్న గిరిజన విద్యార్థిని పలకరించి, వారి ఊరికి దారి ఉందా అని అడగండి. వైద్యవిద్యార్థి మీ ఇంట ఉంటే ఏజెన్సీలో కొన్నేళ్లు పనిచేయమని ప్రోత్సహించండి. ఓటు అడగడానికి వచ్చినవారిని కాలువ పూడిక గురించి ఎలా అడుగుతారో, ఎగువనున్న ఉపకేంద్రంలో నర్సు ఉందా అని అలాగే అడగండి. రెండూ ఒకే నదికి సంబంధించిన ప్రశ్నలే.

ఇక మీకోసం ఒక ఆరోగ్య సూచన. వర్షాకాలంలో పాపికొండల విహారానికో, మారేడుమిల్లికో వెళ్లివచ్చాక నెలలోపు చలితో జ్వరం వస్తే, మామూలు జ్వరమని సరిపెట్టుకోకుండా రక్తపరీక్ష చేయించుకోండి. అడవికి వెళ్లిన సంగతి వైద్యునికి చెప్పండి. మలేరియా అని తేలితే మందులు పూర్తిగా వాడండి. జ్వరం దిగిన రోజున ఆపవద్దు.